బోర్డు మీది పేరే ఫోన్‌లోనూ: ఒడిశా సరిహద్దు ఊళ్ల వ్యాపారులకు నమోదిత ఎస్‌ఎంఎస్ మార్గదర్శి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ఊళ్లలో తెలుగువాళ్ల చీరల దుకాణాలకు, మందుల షాపులకు, నగల కొట్లకు, అప్పడాలు పచ్చళ్ల వ్యాపారాలకు గిరాకీ రెండు వైపుల నుంచీ వస్తుంది. సగం మంది ఊళ్లోవాళ్లు. మిగతావాళ్లు ఇచ్ఛాపురం, పాతపట్నం, పార్వతీపురం వైపు నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లు. ఊళ్లోవాళ్లయితే సందేహం వస్తే దుకాణానికే వచ్చి అడుగుతారు. అరవై కిలోమీటర్ల అవతల ఉన్నవాళ్లకు మీ గురించి తెలిసేది ఫోన్‌లో పడిన రెండు లైన్లే.

ఆ ఫోన్‌లోనే కరెంటు లైన్ ఈ రాత్రికి తీసేస్తామని ఒకటి, కేవైసీ ఆగిపోయిందని ఇంకొకటి, పార్సిల్ నిలిచిపోయిందని మరొకటి దొంగ మెసేజీలు పడుతుంటాయి. మీరూ పది అంకెల నంబరు నుంచి ‘మీ ఆర్డర్ రెడీ, ఈ లింకులో డబ్బు కట్టండి’ అని పంపితే గిరాకీ దృష్టిలో వాటికీ దీనికీ తేడా లేదు. మీ మెసేజ్ చూడగానే, దేన్నీ నొక్కకుండానే, ఇది ఫలానా దుకాణానిదేనని గిరాకీ తేల్చుకోగలగాలి. దానికి దారి దుకాణాన్ని నమోదు చేయించుకుని, దుకాణం పేరుతోనే ఎస్‌ఎంఎస్ పంపడం. కింద చెప్పే ప్రతి మెట్టూ అందుకే.

మొదట తేల్చుకోవాల్సింది: ఇది మీకు అవసరమా?

ఖాతాలో రెండు వందల మంది లోపు ఉండి, అందరూ మొహం చూసి గుర్తుపట్టేవాళ్లయితే ఈ తతంగమంతా వద్దు. వాట్సాప్ బిజినెస్ యాప్ పెట్టుకోండి, దుకాణం పేరు, చిరునామా, వేళలు నింపండి, అవసరమైనప్పుడు ఫోన్ చేయండి. అందులో బ్రాడ్‌కాస్ట్ లిస్టుకు 256 మంది పరిమితి ఉంది. మీ నంబరును తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుందన్నది చాలామందికి తెలియదు. ‘పంపాను, ఎవరూ రాలేదు’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే.

ఖాతా ఐదారు వందలు దాటినా, బిల్లు, బాకీ, డెలివరీ, ల్యాబు రిపోర్టు లాంటి సమాచారం రోజూ పంపాల్సి వచ్చినా నమోదు తప్పదు. అలా కాకుండా సొంత సిమ్ నుంచి గుంపుగా ప్రచారం మెసేజీలు పంపితే ట్రాయ్ (టెలికం నియంత్రణ సంస్థ) లెక్కలో మీరు నమోదు కాని టెలిమార్కెటర్. 2025 ఫిబ్రవరి సవరణ ప్రకారం పది రోజుల్లో ఐదు ఫిర్యాదులు వస్తే చాలు, చర్య మొదలవుతుంది. మొదటిసారి మీ పేరున ఉన్న కనెక్షన్లన్నిటి నుంచీ బయటికి వెళ్లే సేవలు 15 రోజులు ఆపేస్తారు. మళ్లీ చేస్తే ఏడాదిపాటు అన్ని ఆపరేటర్ల దగ్గరా కనెక్షన్లు పోతాయి. దుకాణం నంబరు, ఇంటి నంబరు, యూపీఐకి కట్టిన నంబరు మూడూ మీ పేరు మీదే ఉంటే సంగతి ఎక్కడిదాకా పోతుందో ఊహించుకోండి. గుమాస్తా ఫోన్ నుంచి పంపించడం దీనికి మందు కాదు, ఆ దెబ్బ అతనికి తగులుతుంది.

కాగితాలు: ఎక్కువ దరఖాస్తులు ఇక్కడే వెనక్కి వస్తాయి

వ్యాపార ఎస్‌ఎంఎస్‌లకు 2018 నాటి ట్రాయ్ నిబంధనలే ఆధారం. వాటి కింద ప్రతి ఆపరేటర్‌కూ డీఎల్‌టీ అనే నమోదు పోర్టల్ ఉంది. జియో, ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్‌ఎన్‌ఎల్‌లలో ఏదో ఒకదానిలో నమోదైతే సరిపోతుంది, అన్ని నెట్‌వర్కులకూ అదే చెల్లుతుంది. నాలుగింటిలోనూ విడివిడిగా ఫీజు కట్టించే ఏజెంటు ఎదురైతే పక్కకు తప్పుకోండి. ఫీజు పోర్టల్‌ను బట్టి మారుతుంది. జీఎస్టీతో కలిపి ఆరు వేలు పక్కన పెట్టుకుని మొదలుపెట్టండి.

కావాల్సినవి: పాన్, జీఎస్టీ సర్టిఫికెట్, దుకాణం లెటర్‌హెడ్ మీద సంతకం, ముద్ర ఉన్న అధికార పత్రం, సంతకం చేసినవారి గుర్తింపు కార్డు, ఓటీపీ అందుకునే మొబైల్, ఈమెయిల్. ఏజెంటు చేత నింపించినా ఈ మొబైల్, ఈమెయిల్ మాత్రం మీవే ఇవ్వండి. ఏజెంటువి ఇస్తే రేపు అతన్ని మార్చాలన్నప్పుడు తాళంచెవి అతని దగ్గరే ఉండిపోతుంది.

పేరు దగ్గర జాగ్రత్త. సొంత వ్యాపారమైతే పాన్ మీద ఉండేది యజమాని పేరు. జీఎస్టీ సర్టిఫికెట్‌లో చట్టబద్ధమైన పేరు గడిలోనూ అదే ఉంటుంది. దుకాణం పేరు ట్రేడ్ పేరు గడిలో ఉంటుంది. చాలామంది జీఎస్టీ తీసుకున్నప్పుడు ఆ రెండో గడిలోనూ తమ పేరే రాయించి ఉంటారు. అలాంటప్పుడు బోర్డు మీద ఉన్న పేరుకీ మీకూ సంబంధం ఉందని చూపే కాగితం పోర్టల్‌కు దొరకదు, హెడర్ (మెసేజ్ మీద కనిపించే దుకాణం పేరు) దరఖాస్తు తిరిగొస్తుంది. ముందు జీఎస్టీలో ట్రేడ్ పేరు సవరించుకుని, తర్వాతే డీఎల్‌టీకి వెళ్లండి.

రెండోది ఊరి పేరు. మన వైపు ఇది పెద్ద తలనొప్పి. ఒకే ఊరిని ఒక కాగితంలో బెర్హంపూర్ అని, ఇంకోదానిలో బ్రహ్మపూర్ అని రాస్తారు. పర్లాకిమిడికి ఇంగ్లిషులో మూడు నాలుగు వర్ణక్రమాలు వాడుకలో ఉన్నాయి. రాష్ట్రం పేరు 2011లో మారింది కాబట్టి పాత కాగితాల్లో ‘ఒరిస్సా’ అని ఉంటుంది. జీఎస్టీ సర్టిఫికెట్‌లో ఏ వర్ణక్రమం ఉందో లెటర్‌హెడ్ మీదా, దరఖాస్తులోనూ అక్షరం పొల్లుపోకుండా అదే రాయండి. ఒడిశా జీఎస్టీ నంబరు 21తో, ఆంధ్రది 37తో మొదలవుతుంది. రెండు రాష్ట్రాల్లోనూ కొట్లు ఉన్నవాళ్లు ఒక రాష్ట్రం సర్టిఫికెట్ పెట్టి, ఇంకో రాష్ట్రం చిరునామా నింపడం కూడా తరచూ జరిగే పొరపాటే.

ఆమోదం వచ్చాక 19 అంకెల ఎంటిటీ ఐడీ ఇస్తారు. దాన్ని బిల్లు పుస్తకం అట్ట లోపల రాసిపెట్టుకోండి.

హెడర్: ఆరు అక్షరాల్లో మీ దుకాణం

పంపినవారి పేరు స్థానంలో ఫోన్‌లో కనిపించేదే హెడర్. సేవా సమాచారానికి ఇది ఆరు ఇంగ్లిషు అక్షరాలు. ఉదాహరణకు బోర్డు మీద ‘దుర్గా టెక్స్‌టైల్స్’ అని ఉందనుకుందాం. డీ ఆర్ జీ టీ ఈ ఎక్స్ అని పెడితే చదివినవాళ్లకు పేరు తడుతుంది. యజమాని పొడి అక్షరాలూ ఊరి పొడి అక్షరాలూ కలిపి డీ టీ బీ ఏ ఎం ఎల్ అంటే మీకు తప్ప ఇంకెవరికీ అర్థం కాదు. వీలైనన్ని అచ్చులు తీసేసి పేరులోని గట్టి హల్లులు ఉంచడమే మంచి పద్ధతి. ఒక కాగితం మీద నాలుగు రకాలుగా రాసి, మీ పేరు చెప్పకుండా నలుగురు గిరాకీలకు చూపండి. ఎక్కువమంది దేన్ని చూసి మీ దుకాణం పేరు పలికారో అది తీసుకోండి.

అనుకున్నది ఇప్పటికే ఎవరో తీసుకుని ఉండొచ్చు, రెండు మూడు ప్రత్యామ్నాయాలు సిద్ధంగా ఉంచుకోండి. ఒక్క హెడర్ చాలు. శాఖకొకటి, పండగకొకటి తీసుకుంటే గిరాకీకి ఏదీ గుర్తుండదు, పైగా వాడని హెడర్ దొంగల చేతికి చిక్కే తలుపు.

గిరాకీ ఫోన్‌లో ఈ హెడర్‌కు ముందు రెండు అక్షరాలు, గీత, చివర ఇంకో గీత, ఇంకో అక్షరం ఉంటాయి. వీటి అర్థం మీకు తెలియాలి, కౌంటర్ దగ్గర అడుగుతారు. మొదటి అక్షరం మెసేజ్ బయల్దేరిన ఆపరేటర్: ఏ అంటే ఎయిర్‌టెల్, జే అంటే జియో, వీ అంటే వీఐ, బీ అంటే బీఎస్‌ఎన్‌ఎల్. రెండోది టెలికం సర్కిల్: ఓ ఒడిశా, ఏ ఆంధ్రప్రదేశ్, జెడ్ మహారాష్ట్ర, డీ ఢిల్లీ, ఎం ముంబయి. చివరి అక్షరం రకం: ఎస్ సేవ, టీ లావాదేవీ, పీ ప్రచారం, జీ ప్రభుత్వం.

చిక్కు రెండో అక్షరంతో వస్తుంది. మీ దుకాణం పర్లాకిమిడిలో, గిరాకీ పాతపట్నంలో, మెసేజ్ మీద మాత్రం డీ. మీ తరఫున పంపే కంపెనీ ఢిల్లీ సర్కిల్ గుండా పంపుతోందని దాని అర్థం, అంతకుమించి ఏమీ లేదు. కానీ ‘ఢిల్లీ నుంచి వచ్చిన మెసేజ్’ అని భయపడేవాళ్లు ఉంటారు. ‘ముందున్న రెండక్షరాలు మారుతుంటాయి, మధ్యలో ఆరు అక్షరాలు చూడండి’ అని కౌంటర్‌లో ఉన్న ప్రతి ఒక్కరికీ చెప్పడం నేర్పండి.

టెంప్లేట్: అసలు పని ఇక్కడుంది

ప్రతి మెసేజ్ నమూనానూ ముందుగా ఆమోదింపజేసుకోవాలి. మారే చోట్ల వేరియబుల్ అనే ఖాళీ పెడతారు, ఒక్కో వేరియబుల్‌లో 30 అక్షరాల దాకా పడతాయి. 2025 నవంబరులో ట్రాయ్ ఇచ్చిన ఆదేశంతో ఆ ఖాళీలో ఏం వస్తుందో, అంటే సంఖ్యా, లింకా, తిరిగి ఫోన్ చేసే నంబరా, ముందే ట్యాగ్ చేసి చెప్పాలి. పాత టెంప్లేట్లు ఉన్నవాళ్లు వాటిని ఒకసారి తెరిచి చూసుకోవడం మంచిది.

రాసేముందు భాష తేల్చుకోండి. సరిహద్దు ఊళ్లలో ఇది తేలిక సంగతి కాదు. 1936లో ఒడిశా విడి రాష్ట్రమయ్యాక ఈ ఊళ్లలో తెలుగిళ్ల పిల్లలు చాలామంది ఒడియా బడుల్లో చదివారు. ఇంట్లో నిఖార్సైన తెలుగు మాట్లాడతారు, బేరం తెలుగులోనే ఆడతారు, తెలుగు అక్షరం చూపిస్తే మాత్రం తెల్లమొహం వేస్తారు. అందుకే ఖాతా పుస్తకంలో భాష గడి పెట్టి ‘మీరు మాట్లాడేదేమిటి’ అని కాక ‘ఫోన్‌లో ఏ లిపి చదువుతారు’ అని అడగండి. జవాబులు నాలుగు రకాలుగా వస్తాయి: తెలుగు, ఒడియా, ఇంగ్లిషు, ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు. ఈ నాలుగోది పండితులకు నచ్చకపోవచ్చు గాని, ముప్పై ఐదేళ్ల లోపు వాళ్లలో దానికున్నంత చెలామణీ ఇంకోదానికి లేదు. ఏ లిపీ చదవనివాళ్లు కూడా ఉంటారు. వాళ్ల ఖాతాలో ఇంట్లో చదివేవాళ్ల నంబరు రాసుకోండి, అదీ వాళ్లను అడిగాకే.

లిపి ఎంపిక ఖర్చును కూడా మారుస్తుంది. మామూలు ఇంగ్లిషు అక్షరాల్లో ఒక ఎస్‌ఎంఎస్‌కు 160 అక్షరాలు. అంతకు మించితే ముక్కకు 153 చొప్పున లెక్క. తెలుగు, ఒడియా యూనికోడ్ (అన్ని లిపుల అక్షరాల పట్టిక) కిందికి వస్తాయి కాబట్టి 70 మాత్రమే, మించితే ముక్కకు 67. తెలుగులో అక్షరం అంటే మన కంటికి కనిపించేది కాదు, కంప్యూటర్ లెక్కపెట్టేది. ‘మీ’ రెండు. ‘సిద్ధం’ ఆరు. ‘స్త్రీ’ చూడటానికి ఒక్కటే, లెక్కకు అదీ ఆరే: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం.

ఈ మెసేజ్ చూడండి:

‘మీ చీర సిద్ధం. బిల్లు 4127. బాకీ రూ.1500. రాత్రి 8 లోపు రండి. దుర్గా టెక్స్‌టైల్స్’

ఖాళీలూ చుక్కలూ కలిపి లెక్కిస్తే 82 వస్తాయి. 70 దాటింది కాబట్టి రెండు ఎస్‌ఎంఎస్‌ల డబ్బు పడుతుంది. ‘రాత్రి 8 లోపు రండి.’ అన్న వాక్యం దాని పక్క ఖాళీతో సహా 20. అది తీసేస్తే 62, ఒక్క ఎస్‌ఎంఎస్‌లో సరిపోతుంది, బాకీ ఐదంకెలైనా ఇబ్బంది లేదు. దుకాణం వేళలు బిల్లు మీద ఎలాగూ ఉన్నాయి. నెలకు మూడు వేల మెసేజీలు పంపేవాళ్లకు ఆ ఒక్క వాక్యం ఖరీదు మూడు వేల ఎస్‌ఎంఎస్‌లు.

‘టెక్స్‌టైల్స్’ అన్న మాట ఒక్కటే 13. అందులో స్ కీ టై కీ మధ్య కంటికి కనిపించని విరామ అక్షరం ఒకటుంది, అది లేకపోతే రెండూ కలిసి వత్తుగా మారిపోతాయి. కొన్ని కీబోర్డులు దాన్ని వేస్తాయి, కొన్ని వేయవు. ఆమోదించిన టెంప్లేట్‌లో అది ఉండి, కౌంటర్‌లో కొత్తగా టైప్ చేసినదానిలో లేకపోతే మెసేజ్ ‘టెంప్లేట్ సరిపోలలేదు’ అని ఆగిపోతుంది. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి కారణం తెలియక రోజులు గడుస్తాయి. టెంప్లేట్‌ను ఎప్పుడూ మళ్లీ టైప్ చేయొద్దు, పోర్టల్ నుంచి కాపీ చేసి పెట్టండి.

ఇంగ్లిషు మెసేజ్‌లలో ఇలాంటి ఉచ్చే ఇంకోటి ఉంది. రూపాయి గుర్తు మామూలు ఎస్‌ఎంఎస్ అక్షరాల పట్టికలో లేదు. అది ఒక్కటి పడితే మెసేజ్ మొత్తం యూనికోడ్ అయిపోయి 160 కాస్తా 70కి పడిపోతుంది. వర్డ్ ఫైలు నుంచి కాపీ చేసినప్పుడు వచ్చే వంపు కొటేషన్లు, పొడుగు గీతలు కూడా ఇదే పని చేస్తాయి. రూపాయి గుర్తు బదులు ఆర్ ఎస్ అని రెండక్షరాలు వేయండి.

ఆమోదం నిరాకరించే కారణాలు దాదాపు ఎప్పుడూ ఇవే. దుకాణం పేరు మెసేజ్‌లో లేకపోవడం. సేవా సమాచారం చివర ‘దసరాకు 20 శాతం తగ్గింపు’ అని అతికించడం, ఆ తోకతో అది ప్రచారం అయిపోతుంది. వేరియబుల్ పక్కన వేరియబుల్ పేర్చి మధ్యలో మాటలే లేకుండా పంపడం. ఈ మూడోదాన్ని కొందరు తెలివి అనుకుంటారు, ఒక్క టెంప్లేట్‌తో ఏమైనా పంపొచ్చని. మెసేజీలు పంపే ప్యానెల్ (వెబ్ పేజీ) పాస్‌వర్డ్ దొరికిన దొంగకూ ఆ టెంప్లేట్ అంతే ఉపయోగం. మాటలు గట్టిగా బిగించిన టెంప్లేట్ ఉంటే ఎవడైనా లోపలికి వచ్చినా ‘మీ చీర సిద్ధం’ అని తప్ప పంపలేడు.

లింకు సంగతి. 2024 అక్టోబరు 1 నుంచి ముందుగా అనుమతి తీసుకోని లింకు, యాప్ ఫైలు, తిరిగి ఫోన్ చేసే నంబరు ఉన్న మెసేజ్‌ను ఆపరేటర్లు ఆపేస్తున్నారు. పోర్టల్‌లో లింకును ముందే వైట్‌లిస్టు చేయించాలి. ఎవరైనా వాడుకునే ఉచిత పొట్టి లింకులు పెట్టకండి. అసలు మా అభిప్రాయంలో చిన్న వ్యాపారానికి మెసేజ్‌లో లింకే వద్దు. ‘మా మెసేజ్‌లో లింకు ఎప్పుడూ ఉండదు’ అని గిరాకీకి ఒక్క వాక్యంలో చెప్పగలిగితే, రేపు మీ పేరుతో లింకు వచ్చిన రోజున అది దొంగదని వాళ్లే గుర్తుపడతారు. లింకు తెచ్చే గిరాకీ కంటే ఈ వాక్యం తెచ్చే నమ్మకం ఎక్కువ.

పంపే కంపెనీ, గొలుసు

మెసేజీలను నెట్‌వర్కుకు చేర్చేది నమోదైన టెలిమార్కెటర్ కంపెనీ. దాన్ని ఎంచుకునేటప్పుడు మూడు అడగండి: ఎస్‌ఎంఎస్ ధర, డీఎల్‌టీ చార్జీ, జీఎస్టీ విడివిడిగా ఎంతో. చేరని మెసేజ్‌కు డబ్బు పట్టుకుంటారా. చేరినట్టు రిపోర్టు నంబరు వారీగా ఇస్తారా. ధర మిగతావాళ్ల కంటే మరీ తక్కువగా చెప్పేవాళ్ల దగ్గర రిపోర్టులు సాధారణంగా నమ్మదగ్గవి కావు.

2024 డిసెంబరు నుంచి మెసేజ్ మీ దగ్గర బయల్దేరి ఆపరేటర్ దాకా ఎవరెవరి చేతులు మారిందో, ఆ గొలుసు మొత్తం పోర్టల్‌లో నమోదై ఉండాలి. మీ టెలిమార్కెటర్ ఇంకో పెద్ద కంపెనీ ద్వారా పంపుతుంటే ఆ రెండో పేరు కూడా గొలుసులో ఉండాలి. పోర్టల్‌లోకి వెళ్లి, టెలిమార్కెటర్ ఐడీ ఇచ్చి అభ్యర్థన పంపండి, వాళ్లు ఒప్పుకున్నాక గొలుసు చురుగ్గా ఉన్నట్టు కనిపిస్తుంది. నిన్నటిదాకా బాగా వెళ్లిన మెసేజీలు ఇవాళ ఒక్కటీ వెళ్లకపోతే మొదట చూడాల్సింది ఇదే. చాలాసార్లు మీకు చెప్పకుండా టెలిమార్కెటర్ తన పై కంపెనీని మార్చి ఉంటాడు.

ఎవరికి, ఎప్పుడు

నంబరు ఇచ్చినంత మాత్రాన ప్రచారానికి ఒప్పుకున్నట్టు కాదు. బిల్లు, బాకీ, డెలివరీ సమాచారం డీఎన్‌డీ (ప్రచారం మెసేజీలు వద్దనే నమోదు) పెట్టుకున్నవాళ్లకు కూడా వెళ్తుంది. ‘కొత్త స్టాక్ వచ్చింది’ అన్నది వాళ్లకు వెళ్లదు, వెళ్లకూడదు. బిల్లు వేసేటప్పుడే రెండు గడులు పెట్టండి: ‘బిల్లు సమాచారం పంపవచ్చు’, ‘ఆఫర్లు కూడా పంపవచ్చు’. రెండో గడిని ముందే టిక్ చేసి ఉంచొద్దు. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, పూర్తి అమలుకు గడువు ఇచ్చారు. సమ్మతి అడిగే నోటీసును ఇంగ్లిషులో గాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో గాని చదువుకునే అవకాశం గిరాకీకి ఉండాలని ఆ చట్టం చెబుతుంది. తెలుగు, ఒడియా రెండూ అందులోవే. కాబట్టి ఆ చీటీని ఒకవైపు తెలుగులో, రెండోవైపు ఒడియాలో అచ్చు వేయించండి. ఖర్చు పెరగదు, అటు ఇటు వాళ్లిద్దరికీ పనికొస్తుంది.

ప్రచారం మెసేజ్‌లో ఇక వద్దనుకునేవాళ్లు ఆపేసుకునే దారి తప్పనిసరిగా చూపాలి. ఒకసారి వద్దన్నవాళ్లను 90 రోజుల దాకా మళ్లీ ఒప్పుకోమని అడగకూడదు. వేళ ఉదయం 10 నుంచి రాత్రి 9 మధ్య. పండగల జాబితా రెండుగా విడదీసుకోండి: ఉగాదికి, సంక్రాంతికి తెలుగిళ్లకు, జూన్ నడుమ వచ్చే రజో పండగకు ఒడియా ఇళ్లకు. దసరాకు మాత్రం అందరికీ. ఒడియా ఇంటికి ఉగాది ఆఫర్ పంపితే తిట్టరు గాని, మీరు తమను ఎరగరని మాత్రం అనుకుంటారు.

పంపేముందు పరీక్ష

నాలుగు ఆపరేటర్ల సిమ్‌లు, వాటిలో కనీసం ఒకటి ఆంధ్ర సర్కిల్‌ది, ఒక కీప్యాడ్ ఫోన్. ఈ సరంజామాకు అన్ని టెంప్లేట్లూ పంపి చూడండి. స్మార్ట్‌ఫోన్‌లో తెలుగు చక్కగా వస్తుంది. చవక కీప్యాడ్ ఫోన్లలో కొన్నిట్లో తెలుగు గాని, ఒడియా గాని డబ్బాలుగా కనిపిస్తుంది. అలాంటి ఫోన్ వాడే గిరాకీని ఖాతాలో గుర్తుపెట్టి, ఇంగ్లిషు అక్షరాల టెంప్లేట్‌కు మార్చండి. డబ్బాల మెసేజ్ వచ్చినవాడు అది దొంగ మెసేజ్ అనుకుంటే తప్పు అతనిది కాదు.

వేరియబుల్‌లో అతి పొడవైన పేరు, అతి పెద్ద మొత్తం పెట్టి కూడా చూడండి. 30 దాటితే ఆగుతుంది. సోంపేట దగ్గరి ఏ పల్లెటూరి చిరునామానో మొత్తం ఒక వేరియబుల్‌లో ఇరికించాలని చూసినప్పుడు ఇలా అవుతుంది.

గిరాకీకి పరిచయం చేయడం

నమోదు అయిపోగానే మెసేజీలు గుప్పించడం మొదలుపెట్టొద్దు. ముందు రెండు వారాలు కౌంటర్ దగ్గర ఈ చీటీ అంటించండి, బిల్లు వెనకా అచ్చు వేయండి:

‘మా మెసేజ్ ఈ పేరుతోనే వస్తుంది: (ఆరు అక్షరాలు పెద్దగా). అందులో మీ బిల్లు నంబరు ఉంటుంది. లింకు ఉండదు. ఓటీపీ అడగం. డబ్బు ఫోన్‌లో పంపమని అడగం. సందేహం వస్తే బిల్లు మీది నంబరుకు ఫోన్ చేయండి.’

కింద అదే ఒడియాలో. బిల్లు నంబరు మాట ముఖ్యం. హెడర్‌ను చూసి గుర్తుపట్టలేని పెద్దవాళ్లు కూడా చేతిలోని బిల్లుతో మెసేజ్‌లోని నంబరు పోల్చుకోగలరు. అందుకే బిల్లు నంబరు లేని సేవా మెసేజ్ ఒక్కటి కూడా పంపకండి.

తర్వాత మీ క్యూఆర్ కోడ్ చూసుకోండి. మెసేజ్ దుకాణం పేరున వస్తుంది, స్కాన్ చేస్తే యజమాని బావమరిది పేరు కనిపిస్తుంది. ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోకపోవచ్చు. మోసాల వార్తలు విన్న గిరాకీ ఇప్పుడు అక్కడే ఆగుతాడు. వ్యాపార ఖాతా క్యూఆర్ తీసుకుని దుకాణం పేరు కనిపించేలా చేయించండి.

ఆ పైన మెట్టు ఆర్‌సీఎస్, అంటే ఫోన్‌లోని మెసేజీల యాప్‌లోనే డేటా మీద నడిచే కొత్త తరహా మెసేజ్. ఇందులో దుకాణం పేరు, లోగో, ధ్రువీకరణ గుర్తు మెసేజ్‌తో పాటే కనిపిస్తాయి. ఆపరేటర్ గాని, వాళ్ల భాగస్వామి కంపెనీ గాని వ్యాపారాన్ని తనిఖీ చేశాకే అది వెలుగులోకి వస్తుంది. లోగో 224 పిక్సెళ్ల చదరం కావాలి, బోర్డు ఫొటో తీసి పెడితే ఆ సైజులో అక్షరాలు కనపడవు, ఒక్క గుర్తు చాలు. ఫోన్‌లో ఆర్‌సీఎస్ ఆన్ అయి, డేటా ఉంటేనే చేరుతుంది. డేటా అందని కొండ ఊళ్ల గిరాకీకి మామూలు ఎస్‌ఎంఎస్ వెళ్లే ఏర్పాటు తప్పక పెట్టించుకోండి. వాట్సాప్‌లో నీలం టిక్కు నెలవారీ చందాతో వస్తుంది. దానికి డీఎల్‌టీతో సంబంధం లేదు, ఒకటి ఉంటే ఇంకోటి అక్కర్లేదని కాదు.

మీ పేరుతో దొంగ మెసేజ్ వచ్చినప్పుడు

గిరాకీ ఫోన్ తీసుకుని స్క్రీన్‌షాట్ తీయించండి, పంపిన పేరు మొత్తం, తేదీ, వేళ కనిపించాలి. పది అంకెల నంబరు నుంచి వచ్చిందా, మీ హెడర్ నుంచా చూడండి. సామాన్యంగా మొదటిదే. టెలికం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో చక్షు అనే ఫిర్యాదుల విభాగంలో నమోదు చేయండి, అనవసర ప్రచారమైతే 1909కి. మెసేజ్ వచ్చిన ఏడు రోజుల్లోపు 1909కి ఫిర్యాదు చేయాలి. డబ్బు పోయి ఉంటే వీటికంటే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి, అక్కడ ప్రతి నిమిషానికీ విలువ ఉంది. మాట్లాడుతున్నది ఒడిశాలోనా ఆంధ్రలోనా అన్న మీమాంస వద్దు, గిరాకీ ఎక్కడున్నా అదే నంబరు.

మీ హెడర్ నుంచే వచ్చి ఉంటే సంగతి వేరు. టెలిమార్కెటర్ ప్యానెల్ పాస్‌వర్డ్, ఏపీఐ కీ (మీ సాఫ్ట్‌వేర్ నుంచి మెసేజీలు పంపనిచ్చే రహస్య కోడ్) వెంటనే మార్చండి, పంపడం ఆపించండి, ఆ టెంప్లేట్‌ను పోర్టల్‌లో నిలిపేయండి, గత పది రోజుల్లో పంపిన మెసేజీల రిపోర్టు రాతపూర్వకంగా అడగండి. మానేసిన గుమాస్తా దగ్గర లాగిన్ ఉండిపోయిందేమో ముందు అది చూడండి. గిరాకీలకు అదే హెడర్ మీద హెచ్చరిక పంపొద్దు, ఆ రోజు దాన్ని ఎవరూ నమ్మరు. కౌంటర్ చీటీ, ఫోన్ కాల్, దుకాణం వాట్సాప్ స్టేటస్ వాడండి.

ఆరు నెలలకోసారి పోర్టల్ తెరిచి, వాడని టెంప్లేట్లు తీసేయండి, గొలుసు చురుగ్గా ఉందో లేదో చూడండి, ట్రాయ్ హెడర్ల పోర్టల్‌లో మీ ఆరు అక్షరాలు కొట్టి అవి మీ పేరు మీదే కనిపిస్తున్నాయో సరిచూసుకోండి. ఏడాదిలో ఒక విడతను లెక్కలు ముగించే వారంలో పెట్టుకుంటే మర్చిపోరు.